మెయిల్ సర్వర్ బ్యాకప్‌లో లైసెన్స్ ఎర్రర్ వచ్చిందా, ముందు లాగ్ డ్రైవ్ చూడండి

చిన్న చిన్న కంపెనీల్లో ఐటీ చూసుకునే కుర్రాళ్లు కొంతమంది నాకు తరచూ ఫోన్ చేస్తుంటారు, "అన్నా, బ్యాకప్ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ ఇన్‌వాలిడ్ అంటోంది, మొన్నే కదా రెన్యూ చేశాం, ఇప్పుడేం చెయ్యాలి" అని. నేను లైసెన్స్ సంగతి ఎత్తను. ఎక్స్ఛేంజ్ (మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్) లాగ్స్ ఉన్న డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉందో చూసి చెప్పు అంటాను. అవతల కీబోర్డ్ చప్పుడు, తర్వాత "తొమ్మిది జీబీ అన్నా" అని నీరసంగా వస్తుంది సమాధానం.

సంగతేంటంటే, ఎక్స్ఛేంజ్‌కి వచ్చే ప్రతి మెయిలూ, చదివినట్టు పెట్టిన ప్రతి టిక్కూ, డిలీట్ చేసిన ప్రతి ఐటమూ ముందు ట్రాన్సాక్షన్ లాగ్‌లోకి రాసుకున్నాకే డేటాబేస్ ఫైల్లోకి వెళ్తుంది. ఒక్కో లాగ్ ఫైల్ 1 ఎంబీ. ఎక్స్ఛేంజ్ 2007 నుంచీ అంతే. వీటిని తుడిచే పని సాధారణంగా బ్యాకప్‌దే, ఫుల్ బ్యాకప్ సక్సెస్ అయిందని సాఫ్ట్‌వేర్ చెప్తే అప్పుడు ఎక్స్ఛేంజ్ పాత లాగ్స్ తీసేస్తుంది. లైసెన్స్ లేదని జాబ్ మొదలవ్వకపోతే ఆ చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు కాబట్టి లాగ్స్ అలా పేరుకుంటూ పోతాయి, ఒక్కోటి 1 ఎంబీనే కదా అనుకుంటాం గానీ ఎవడైనా మైగ్రేషన్ అనో, పీఎస్‌టీ (అవుట్‌లుక్ మెయిల్ ఫైల్) ఇంపోర్ట్ అనో మొదలుపెట్టాడంటే గంటలో పదుల జీబీ తినేస్తాయి. డ్రైవ్ నిండితే డేటాబేస్ డిస్‌మౌంట్ అయిపోతుంది, అంటే మెయిల్‌బాక్స్‌లు ఎవరికీ తెరుచుకోవు. క్యూ డేటాబేస్ (వచ్చీపోయే మెయిల్స్ వరసలో ఆగే చోటు) కూడా అదే డ్రైవ్ మీద ఉంటే అంతకు ముందే బయట్నుంచి మెయిల్స్ తీసుకోవడం ఆపేస్తుంది, బ్యాక్ ప్రెషర్ అంటారే, అది. అప్పుడు ఎండీ గారి దగ్గర్నుంచి ఫోన్ వస్తుంది, ఆయనకి లైసెన్స్ గోల చెప్తే వింటారా.

అందుకని ఖాళీ తక్కువుంటే ముందు లాగ్స్ సంగతి తేల్చండి, లైసెన్స్ గంట ఆగినా ఏం కాదు. ఇక్కడే చాలామంది చేసే పని లాగ్ ఫోల్డర్ తెరిచి పాత తారీఖు ఫైల్స్ సెలెక్ట్ చేసి షిఫ్ట్ డిలీట్ కొట్టడం. దయచేసి ఆ పని చెయ్యొద్దు. డేటాబేస్‌లోకి ఇంకా ఎక్కని లాగ్ అందులో ఒక్కటున్నా, ఈలోగా సర్వర్ పడిపోతే డేటాబేస్ మళ్లీ మౌంట్ అవ్వదు, ఇంకో రెండు రోజుల పని మెడకి చుట్టుకుంటుంది. సర్క్యులర్ లాగింగ్ (బ్యాకప్ కోసం ఆగకుండా పాత లాగ్స్‌ని ఎక్స్ఛేంజే తుడిచేసే పద్ధతి) ఆన్ చెయ్యమని కూడా ఇంటర్నెట్‌లో తెగ సలహాలు కనిపిస్తాయి, ఒకటే సర్వర్ ఉన్న చోట అది పని చెయ్యాలంటే డేటాబేస్‌ని డిస్‌మౌంట్ చేసి మౌంట్ చెయ్యాలి, పైగా ఆ క్షణం నుంచి పాత బ్యాకప్ మీద లాగ్స్ ఆడించి నిన్న మధ్యాహ్నం వరకు తెచ్చుకునే అవకాశం పోతుంది. వేరే దారి లేనప్పుడు తప్ప నేను దాని జోలికి వెళ్లను.

మరి దారేంటంటే విండోస్ సర్వర్ బ్యాకప్. సర్వర్‌లోనే ఉంటుంది, పైసా ఖర్చు లేదు, ఫీచర్స్‌లోంచి ఆన్ చేసుకోవాలి అంతే. డేటాబేస్ ఉన్న డ్రైవూ లాగ్స్ ఉన్న డ్రైవూ రెండూ పూర్తిగా సెలెక్ట్ చెయ్యాలి, ఫోల్డర్ మాత్రమే ఎంచుకుంటే ఎక్స్ఛేంజ్ దాన్ని బ్యాకప్‌గా లెక్కెయ్యదు. అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో వీఎస్ఎస్ (విండోస్ స్నాప్‌షాట్ సర్వీస్) ఫుల్ బ్యాకప్ అని ఉంటుంది, మామూలుగా కాపీ బ్యాకప్ మీద ఉంటుంది అది, మార్చకపోతే రాత్రంతా నడిచి పొద్దున్నే సక్సెస్ అని చూపిస్తుంది గానీ లాగ్స్ ఒక్కటి కూడా తగ్గవు. ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ తగిలించి దాని మీదకి పెట్టండి. నెట్‌వర్క్ షేర్ మీద పెడితే కొత్త బ్యాకప్ వచ్చి పాతదాని మీద కూర్చుంటుంది, అది గుర్తుంచుకోండి. అయ్యాక అప్లికేషన్ ఈవెంట్ లాగ్‌లో ఈఎస్ఈ (ఎక్స్ఛేంజ్ డేటాబేస్ ఇంజిన్) సోర్స్ కింద 224 వచ్చిందా చూడాలి, 224 అంటే లాగ్స్ తీసేశా అని, 225 అంటే తీసెయ్యడానికి ఏమీ దొరకలేదు అని.

ఇప్పుడు కాస్త ఊపిరి పీల్చుకుని లైసెన్స్ దగ్గరికి వద్దాం.

నేను చూసినంతలో లైసెన్స్ ఎర్రర్ అని స్క్రీన్ మీద పడేవాటిలో నిజంగా లైసెన్స్ అయిపోయినవి తక్కువ. సాఫ్ట్‌వేర్‌కి తన లైసెన్స్‌ని సరిచూసుకునే పని కుదరలేదు, ఎందుకు కుదరలేదో చెప్పే ఓపిక దాన్ని రాసినవాళ్లకి లేదు, అన్నిటికీ కలిపి ఒకే డబ్బా వాక్యం పెట్టేశారు. కాబట్టి ఆ వాక్యాన్ని పట్టుకుని గూగుల్ చెయ్యడం కన్నా ప్రొడక్ట్ లాగ్ ఫోల్డర్‌లో, ప్రోగ్రామ్‌డేటా కింద ఎక్కడో ఉంటుంది, ఆ సమయానికి ఏం రాసుందో చూడటం మేలు. టైమౌట్, 407 (ప్రాక్సీ లాగిన్ అడుగుతోందని), ట్రస్ట్ రిలేషన్‌షిప్ (సర్టిఫికెట్ నమ్మలేదని) లాంటి ముక్క ఒకటి దొరుకుతుంది, అసలు కథ అక్కడుంటుంది.

జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీ, పేరెందుకు లెండి, అక్కడ జరిగింది చెప్తా. అక్కడి కుర్రాడు సర్వర్ మీద బ్రౌజర్ తెరిచి లైసెన్స్ పోర్టల్ ఓపెన్ చేసి చూపించాడు, "చూడన్నా, నెట్ బాగానే ఉంది, వాళ్ల సర్వరే డౌన్ అయ్యుంటుంది" అని. బ్రౌజర్‌లో వస్తోంది నిజమే, ఎందుకంటే అతని యూజర్ ప్రొఫైల్‌లో ప్రాక్సీ (ఆఫీస్ నుంచి నెట్‌లోకి పోయే మధ్యవర్తి సర్వర్) సెట్ చేసి ఉంది. బ్యాకప్ సర్వీస్ నడిచేది అతని పేరు మీద కాదు కదా, లోకల్ సిస్టమ్ అకౌంట్ మీద, దానికి ఈ ప్రాక్సీ ఉందన్న సంగతే తెలియదు. కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్‌ఎస్‌హెచ్ విన్‌హెచ్‌టీటీపీ షో ప్రాక్సీ అని కొట్టిస్తే "డైరెక్ట్ యాక్సెస్, నో ప్రాక్సీ సర్వర్" అని వచ్చింది. ఆ ఆఫీస్‌లో ప్రాక్సీ లేకుండా బయటికి పోయే దారి లేదు. యూజర్ సెట్టింగ్‌నే ఇంపోర్ట్ చేయించి, సర్వీస్ రీస్టార్ట్ చేయిస్తే టీ చల్లారేలోపు యాక్టివేట్ అయిపోయింది. ఈ కుర్రాడు అప్పటికే వెండర్‌కి రెండు టికెట్లు పెట్టి, లైసెన్స్ మళ్లీ జనరేట్ చేయించుకుని కూర్చున్నాడు పాపం.

దీనికి అన్నలాంటిది ఫైర్‌వాల్‌లో ఎస్ఎస్ఎల్ ఇన్‌స్పెక్షన్. బయటికెళ్లే హెచ్‌టీటీపీఎస్‌ని మధ్యలో విప్పి చూసి తన సర్టిఫికెట్ తొడిగి పంపుతుంది, చాలా బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు అది తమ సర్వర్ సర్టిఫికెట్ కాదని గుర్తుపట్టి తలుపేసుకుంటాయి. బ్రౌజర్‌లో తాళం బొమ్మ నొక్కి ఇష్యూడ్ బై దగ్గర చూడండి, అక్కడ మీ ఫైర్‌వాల్ పేరు కనిపిస్తే ఇక వేరే వెతకక్కర్లేదు, ఆ లైసెన్స్ డొమైన్‌ని ఇన్‌స్పెక్షన్ నుంచి మినహాయించండి. ఇంకా సర్వర్ 2012 ఆర్2 నడుపుతున్నవాళ్లు ఉన్నారు, ఉన్నారండీ, లేరనుకోకండి, వాళ్ల దగ్గర పాత డాట్‌నెట్ ప్రోగ్రామ్స్ టీఎల్ఎస్ (హెచ్‌టీటీపీఎస్ వెనకుండే ఎన్‌క్రిప్షన్ పద్ధతి) 1.0 తోనే మాట్లాడటానికి చూస్తాయి, అవతల లైసెన్స్ సర్వర్ 1.2 కన్నా తక్కువకి ఒప్పుకోదు. రిజిస్ట్రీలో డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ కింద స్ట్రాంగ్ క్రిప్టో, సిస్టమ్ డిఫాల్ట్ టీఎల్ఎస్ వెర్షన్స్ అనే రెండు వాల్యూస్ 1 చెయ్యాలి, 32 బిట్ వాళ్ల కొమ్మలోనూ 64 బిట్ కొమ్మలోనూ, ఒక్కచోటే చేసి అవ్వలేదంటే అవ్వదు మరి.

తర్వాత గడియారం. ఇది విని నవ్వుతారు గానీ నన్ను ఎక్కువ తిప్పించింది ఇదే. బ్యాకప్ సర్వర్‌ని డొమైన్‌లో (ఆఫీస్ మెషిన్లన్నిటినీ ఒకే చోట నుంచి నడిపే గుంపులో) చేర్చొద్దు, వర్క్‌గ్రూప్‌లో విడిగా ఉంచండి అని చెప్తుంటాం, ర్యాన్‌సమ్‌వేర్ వాడు డొమైన్ అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టేసినా బ్యాకప్స్ జోలికి రాకుండా. మంచి సలహానే. కానీ డొమైన్‌లో లేదంటే డొమైన్ కంట్రోలర్ టైమ్ దానికి అందదు. ఒకచోట వీకెండ్‌లో కరెంట్ పోయింది, యూపీఎస్ చేతులెత్తేసింది, హోస్ట్ (వీఎంలు, అంటే వర్చువల్ మెషిన్లు నడిచే అసలు మెషిన్) మదర్‌బోర్డ్ మీద సీమాస్ బ్యాటరీ, ఆఫ్‌లో ఉన్నా గడియారం నడిపేది, ఎప్పుడో చచ్చిపోయి ఉంది, హోస్ట్‌కి ఎన్‌టీపీ (నెట్‌వర్క్ మీద టైమ్ తెచ్చుకునే పద్ధతి) పెట్టలేదు. కరెంట్ వచ్చి లేచేసరికి హోస్ట్ పాత తారీఖుతో లేచింది, దాని మీద వీఎంలన్నీ అదే తారీఖు తీసుకున్నాయి. మెయిల్స్ మీద తేదీలు తప్పుగా ఉన్నాయని అకౌంట్స్ వాళ్లు గోల చేస్తే డొమైన్ కంట్రోలర్‌లో చేత్తో టైమ్ సరిచేశారు, మిగతా మెషిన్లన్నీ దాన్ని చూసి సర్దుకున్నాయి, బ్యాకప్ సర్వర్ ఒక్కటే పాత కాలంలో ఉండిపోయింది. కొత్త లైసెన్స్ ఇంకా మొదలవ్వలేదు అంటోంది అది, దాని లెక్కన కరెక్టే. రిమోట్‌లో లాగిన్ అయిన వాళ్లెవరూ టాస్క్‌బార్ మూల వైపు చూడలేదు.

టైమ్ సోర్స్ ఏదో డబ్ల్యూ32టీఎం క్వెరీ సోర్స్ అని అడిగితే చెప్తుంది, "లోకల్ సీమాస్ క్లాక్" అని వస్తే అనుమానించండి. మన దగ్గర ఎలాగూ 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (కేంద్రం సైబర్ భద్రత సంస్థ) ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఎన్ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) గానీ నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ గానీ ఇచ్చే ఎన్‌టీపీ సర్వర్లతో, లేదా వాటికి ముడిపడ్డ వాటితో సింక్ చెయ్యాలి, కాబట్టి హోస్ట్‌లకీ ఆ విడి బ్యాకప్ సర్వర్‌కీ అక్కడి నుంచే ఇప్పించండి, ఒక దెబ్బకి రెండు పనులు. వీఎంలు నడిపే వీఎంవేర్‌లో టైమ్ సింక్ టిక్ తీసేశాం కదా అని ధీమాగా ఉండకండి, టిక్ లేకపోయినా స్నాప్‌షాట్ వెనక్కి తిప్పినప్పుడు, సస్పెండ్ నుంచి లేచినప్పుడు టూల్స్ ఒకసారి హోస్ట్ టైమ్ లాక్కుంటాయి. ఇంకో సంగతి, టైమ్ పొరపాటున ముందుకి, అంటే రెండేళ్ల తర్వాతి తారీఖుకి వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చిందనుకోండి, కొన్ని సాఫ్ట్‌వేర్లు వీడెవడో గడువు పొడిగించుకోడానికి గడియారం తిప్పుతున్నాడని లాక్ చేసేస్తాయి, అది వెండర్ సపోర్ట్ విప్పాల్సిందే, మన చేతిలో లేదు.

వీఎం అంటే గుర్తొచ్చింది. కొన్ని లైసెన్స్‌లు మెషిన్‌కి కట్టేసి ఉంటాయి, మ్యాక్ అడ్రసో, బయోస్ యూయూఐడీనో (మెషిన్ గుర్తింపు నంబర్), హోస్ట్ నేమో, మూడూ కలిపో ఒక వేలిముద్ర తీసుకుంటాయి. వీఎంవేర్‌లో వీఎం ఫైల్స్ వేరే చోటికి మార్చి ఆన్ చేస్తే "మూవ్ చేశావా కాపీ చేశావా" అని అడుగుతుంది కదా, కాపీ అని నొక్కితే కొత్త యూయూఐడీ, కొత్త మ్యాక్, లైసెన్స్ గోవిందా. మూవ్ అంటే పాతవే ఉంటాయి. హైపర్-వీలో డైనమిక్ మ్యాక్ పెట్టుకుంటే వీఎం వేరే హోస్ట్‌కి వెళ్లి రీస్టార్ట్ అయినప్పుడు మారిపోవచ్చు, స్టాటిక్ పెట్టేస్తే ఆ బెడద ఉండదు. సర్వర్ మార్చే పనుంటే పాతదాంట్లో డీయాక్టివేట్ చేసి మరీ మార్చండి, పాతది ఫార్మాట్ కొట్టేశాక ఆ సీట్ వెనక్కి రావడం వెండర్ దయ.

ఇక మెయిల్‌బాక్స్‌ల లెక్క. కంపెనీలో 140 మంది ఉన్నారు, 150కి లైసెన్స్ కొన్నాం, "లిమిట్ ఎక్సీడెడ్" అంటాడేంటి అని కొట్లాటకి దిగుతారు. మనుషుల్ని లెక్కపెడితే 140, మెయిల్‌బాక్స్‌లు లెక్కపెట్టారా? పర్చేజ్, సేల్స్, ఇన్వాయిస్ పేర్ల మీద షేర్డ్ మెయిల్‌బాక్స్‌లు, కాన్ఫరెన్స్ రూమ్స్‌కి రూమ్ మెయిల్‌బాక్స్‌లు, మానేసిన వాళ్లవి "ఎప్పుడైనా పనికొస్తుంది" అని ఉంచేసినవి, డిస్కవరీ సెర్చ్‌ది. పవర్‌షెల్‌లో గెట్ మెయిల్‌బాక్స్ అని అన్నీ తెప్పించి రిసీపియెంట్ టైప్ డీటెయిల్స్ మీద గ్రూప్ చేస్తే ఏ రకం ఎన్ని ఉన్నాయో ఒక చిన్న పట్టిక వస్తుంది, దాన్ని లైసెన్స్ డాక్యుమెంట్‌లో వాళ్లు ఏది లెక్కిస్తారని రాశారో దానితో పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్కో ప్రొడక్ట్‌ది ఒక్కో పద్ధతి. మైక్రోసాఫ్ట్ 365కి వీమ్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకైతే గత 31 రోజుల్లో రిస్టోర్ పాయింట్ ఉన్న ప్రతి యూజరూ ఒక లైసెన్స్ తింటాడు, అంటే మానేసిన మనిషిని జాబ్‌లోంచి ఇవాళ తీసేసినా లెక్క వెంటనే తగ్గదు. క్యాంపస్ బ్యాచ్ చేరే నెలల్లో కొత్తవాళ్లూ పాతవాళ్లూ కలిసి లెక్క దాటిపోయేది ఇందుకే, హెచ్ఆర్ వాళ్లని జాయినింగ్ లిస్ట్ ముందే అడిగి పెట్టుకోండి.

పర్పెచ్యువల్ లైసెన్స్ కొన్నవాళ్లకి ఇంకో బాధ. లైసెన్స్ జీవితాంతం, మెయింటెనెన్స్ మాత్రం ఏడాది. మెయింటెనెన్స్ అయిపోయాక విడుదలైన వెర్షన్ ఎక్కిస్తే, లైసెన్స్ తారీఖుకీ బిల్డ్ తారీఖుకీ పొంతన కుదరక అది మొరాయిస్తుంది. 2025 అక్టోబర్ 14తో ఎక్స్ఛేంజ్ 2016కీ 2019కీ సపోర్ట్ అయిపోయింది కదా, చాలామంది సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్‌కి వెళ్లే పనిలో పడ్డారు, 2019 నుంచైతే ఉన్నచోటే అప్‌గ్రేడ్ అయిపోతుంది, 2016 వాళ్లకి ఆ సుఖం లేదు, కొత్త సర్వర్ పెట్టి మెయిల్‌బాక్స్‌లు తరలించుకోవాల్సిందే. ఎటు చూసినా పాత బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కొత్త ఎక్స్ఛేంజ్‌ని సపోర్ట్ చేస్తుందా లేదా అన్నది ముందే తేల్చుకోవాలి, చెయ్యకపోతే దాని కొత్త వెర్షన్ కావాలి, దానికి మెయింటెనెన్స్ కావాలి, దానికి పీఓ (పర్చేజ్ ఆర్డర్) కావాలి, పీఓకి సంతకం కావాలి. సంతకం పెట్టాల్సినాయన మార్చి నెలాఖరు హడావిడిలో ఉంటారు. ఎక్స్ఛేంజ్ మైగ్రేషన్ కొటేషన్‌లోనే బ్యాకప్ రెన్యువల్ కూడా ఒక లైన్‌గా రాయించేస్తే రెండోసారి ఆయన గుమ్మం ఎక్కక్కర్లేదు.

లైసెన్స్ ఫైల్ సంగతి రెండు ముక్కల్లో. ఎక్స్‌టెన్షన్ కనపడకుండా ఉన్న సర్వర్‌లో సేవ్ చేస్తే చివర టీఎక్స్‌టీ అంటుకుంటుంది, నోట్‌ప్యాడ్‌లో తెరిచి కంపెనీ పేరులో స్పెల్లింగ్ సరిచేద్దామని సేవ్ కొడితే డిజిటల్ సిగ్నేచర్ చెడిపోతుంది. స్పెల్లింగ్ తప్పుంటే ఉండనివ్వండి, లేదా వాళ్లచేతే మార్పించుకోండి. మెయిల్‌లో వచ్చిన జిప్‌ని విప్పకుండా అలాగే సర్వర్ మీదకి తెచ్చి అక్కడ విప్పడం నయం.

లినక్స్ మీద జింబ్రా అనే మెయిల్ సర్వర్ నడిపేవాళ్లకి ఒక మాట. నెట్‌వర్క్ ఎడిషన్‌లో బ్యాకప్ టూల్ ఆ ఎడిషన్‌తోనే వస్తుంది కాబట్టి అక్కడ బ్యాకప్ లైసెన్సూ మెయిల్ సర్వర్ లైసెన్సూ ఒకటే, జెడ్‌ఎం లైసెన్స్ కమాండ్‌తో స్టేటస్ చూసుకోవచ్చు. ఈలోగా ముఖ్యమైన మెయిల్‌బాక్స్‌లని జెడ్‌ఎం మెయిల్‌బాక్స్ కమాండ్‌తో టీజీజెడ్ ఫైల్స్‌గా దించుకోవచ్చు, ఓపెన్ సోర్స్ ఎడిషన్ వాళ్లు ఎలాగూ చేసేది అదే.

ఇన్ని చెప్పాను గానీ అన్నిటికన్నా జుట్టు పీక్కునేలా చేసేది టెక్నికల్ కాదు. లైసెన్స్ పోర్టల్‌లో లాగిన్ ఎవరి పేరు మీదుంది? మూడేళ్ల క్రితం మానేసి ఇప్పుడు బెంగుళూరులోనో డల్లాస్‌లోనో ఉన్న పాత అడ్మిన్ పేరు మీద, లేదా అమ్మిన రీసెల్లర్ కుర్రాడి మెయిల్ మీద. రెన్యూ అయిన కీ వాళ్లకే వెళ్తుంది, ఓటీపీ కూడా వాళ్లకే. రీసెల్లర్ ఏమో పాత బిల్లు బాకీ ఉందని ఫోన్ ఎత్తడు. పోనీ కదా అని అందరూ తెలివిగా లైసెన్స్ పేరుతో ఒక షేర్డ్ మెయిల్‌బాక్స్ పెడతారు, బాగానే ఉంది, కానీ అదెక్కడుంటుంది? అదే ఎక్స్ఛేంజ్‌లో. సర్వర్ పోయి, కొత్త మెషిన్ మీద బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి రిస్టోర్ చెయ్యాలంటే లైసెన్స్ ఫైల్ కావాలి, అది ఆ పోయిన సర్వర్‌లోని మెయిల్‌లో ఉంది! పోర్టల్ పాస్‌వర్డ్ రీసెట్ కొడితే లింక్ కూడా అక్కడికే వస్తుంది. అందుకని పోర్టల్‌కి రెండో కాంటాక్ట్‌గా బయటి మెయిల్ ఐడీ ఒకటి ఇవ్వండి, లైసెన్స్ ఫైల్, ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్, ఇన్‌స్టాలర్ సెటప్, మూడూ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి అకౌంట్స్ వాళ్ల బీరువాలో పెట్టించండి, చెక్ బుక్స్ ఉండే చోట, అక్కడైతే పోదు.

గడువు అయిపోయాక రిస్టోర్ అవుతుందా లేదా అన్నది ఇవాళే కనుక్కోండి. వీమ్ లాంటివి కొత్త బ్యాకప్ ఆపేసినా ఉన్నవాటి నుంచి రిస్టోర్ చేసుకోనిస్తాయి. అన్నీ అలా ఉండవు, కొన్నిట్లో కన్సోలే తెరుచుకోదు. రెన్యువల్ పేపర్లు ఎక్కడో ఆగిపోతే సేల్స్ మనిషిని తాత్కాలిక కీ అడగండి, సిగ్గుపడక్కర్లేదు, ఆర్డర్ వస్తుందంటే చాలామంది ఇస్తారు. సపోర్ట్ వాడు మాత్రం రెండో మెయిల్లోనే "అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యండి" అంటాడు, వెంటనే తలూపకండి, కాన్ఫిగరేషన్, క్యాటలాగ్ ఎక్స్‌పోర్ట్ చేసి వేరే చోట పెట్టుకున్నాకే ఆ మాట వినండి, లేదంటే లైసెన్స్ వస్తుంది గానీ పాత బ్యాకప్స్‌లో ఏముందో దానికే తెలియదు.

అంతా అయ్యి పచ్చ టిక్ కనిపించాక గెట్ మెయిల్‌బాక్స్ డేటాబేస్ కమాండ్‌కి స్టేటస్ జోడించి లాస్ట్ ఫుల్ బ్యాకప్ తారీఖు నిన్న రాత్రిదేనా చూడండి, వీఎస్ఎస్ అడ్మిన్ లిస్ట్ రైటర్స్‌లో ఎక్స్ఛేంజ్ రైటర్ స్టేబుల్ అని ఉందా చూడండి, ఎవరిదైనా ఒక మెయిల్ రిస్టోర్ చేసి చూడండి. మొదటి జాబ్ ఇంక్రిమెంటల్ (గతసారి తర్వాత మారినవి మాత్రమే తీసేది) కాకుండా ఫుల్ నడపాలి, మధ్యలో లాగ్స్ తుడిచేశాం కాబట్టి పాత గొలుసు తెగింది. ఆ కంగారులో షెడ్యూల్ పెట్టిన విండోస్ సర్వర్ బ్యాకప్ ఇంకా నడుస్తూనే ఉంటుంది, దాన్ని తీసెయ్యండి, లేదంటే రోజూ రాత్రి అదొచ్చి లాగ్స్ తుడిచేస్తుంది, మీరు డబ్బులు కట్టిన సాఫ్ట్‌వేర్ పొద్దున్నే ఇంక్రిమెంటల్ ఫెయిల్ అంటుంది, ఆ ఎర్రర్ మాత్రం లైసెన్స్ అని రాదు.